పద్దు చదివిన భక్తుడు

కష్టంలో ఉన్నవాళ్ళకు మనం ధారాళంగా పంచిపెట్టే సలహా ఒకటుంది: ‘ఏం జరిగినా మన మంచికే, దీన్నే అవకాశంగా తీసుకో.’ చెప్పేవాడికి పైసా ఖర్చు లేదు. వినేవాడికి మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆ మంట చూసి, పాపం దేవుడి మీద నమ్మకం సడలిందని మళ్ళీ మనమే తీర్పు చెబుతాం. అలాంటి తీర్పు విన్నప్పుడల్లా నాకు కంచర్ల గోపన్న గుర్తొస్తాడు.

నేలకొండపల్లి మనిషి. గోల్కొండ చివరి నవాబు తానీషా కొలువులో చక్రం తిప్పిన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు, పాల్వంచ పరగణాకు తహశీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, నగలు చేయించాడని కోటలో బంధించారు. పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడంటారు. (ఈ రోజుల్లో అయితే ఏసీబీ కేసు. ఒట్టి లెక్కల ప్రకారం చూస్తే సర్కారును తప్పుపట్టడం కష్టమే.)

అక్కడ కూర్చుని ఆయన ‘అంతా మన మంచికే’ అనుకోలేదు. రాముడికి పద్దు చదివాడు. భరతుడి పచ్చల పతకానికి 10 వేల వరహాలు, శత్రుఘ్నుడి బంగారు మొలతాడుకు 10 వేల మొహరీలు, సీతమ్మ చింతాకు పతకానికి మరో 10 వేల వరహాలు... ఇవన్నీ నీ తండ్రి చేయించాడా, నీ మామగారు పంపాడా అని కడిగేశాడు. అంతలోనే దెబ్బలకు తాళలేక నోరు జారానని బతిమాలాడు. ఇంకో పాటలో సీతమ్మను ఆశ్రయించాడు, ఏకాంతంలో ఉన్నప్పుడు ఆయన చెవిన వేయమ్మా అని. పైఅధికారి కదలకపోతే ఇంట్లోవాళ్ళ చేత చెప్పించుకోవాలని తహశీల్దారుకు వేరే నేర్పాలా?

వినేవాడు లేడనుకుంటే ఎవరూ అంతసేపు పోట్లాడరు. ఆశ చచ్చినవాడు అసలు మాట్లాడడు. గోపన్న ప్రతి నిష్ఠూరం వెనకా జవాబు వస్తుందన్న ధీమా ఉంది, నా దృష్టిలో విశ్వాసమంటే అదే. చెరసాలను ఆయన అవకాశమనుకోలేదు. బయట పడెయ్యమనే అడిగాడు. పాటలు మిగలడం తర్వాతి సంగతి. వందేళ్ళు దాటాక కావేరి ఒడ్డున త్యాగయ్య, రామదాసుగా పేరుపడ్డ ఈ గోపన్న చెర విడిపించిన సంగతి తన కీర్తనలో రాముడికి గుర్తుచేశాడు.

రామలక్ష్మణులే రామోజీ లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు ఆ బాకీ 6 లక్షలు చెల్లించి గోపన్నను విడిపించారన్న కథను నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారు, చివరిదాకా అక్కడే ఉన్నాడు. చెరలోనే ఏదో మహిమ ఉంటే ఆ నవాబుకూ దక్కాల్సింది.

భద్రాద్రి కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ ఆ తానీషాతోనే మొదలైందంటారు. ఇక గోపన్న పద్దుల పాటను రామనవమి పందిళ్ళలో గొంతెత్తి పాడతాం. దేవుణ్ణి అలా నిలదీయొచ్చా అని అడ్డుపడినవాళ్ళను నేనైతే చూడలేదు. ఆసుపత్రి వరండాలో ఓ తల్లి అదే మాట అంటే మాత్రం, ‘తప్పమ్మా, అలా అనకూడదు’ అంటూ నలుగురం మూగిపోతాం.