తెరమీది వంట – ఇంటి వంట

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైనది. నాటినుండి టెలివిజన్ మన ఇండ్లలో ప్రధానస్థానమాక్రమించి, కుర్చీలన్నిటిని తనవైపు త్రిప్పుకొన్నది. నేడు వంటలను చూచుట పెరిగినది, వండుట తగ్గినది. అందుకు తెరను నిందించుట న్యాయం కాదని మా అభిప్రాయం.

బజారున పేరొందిన హైదరాబాదు హలీంకు 2010లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. సంతోషమే. కాని బగారా అన్నంతో ఇంట వడ్డించు దాల్చా మాటేమిటి? శనగపప్పు, మాంసం, సొరకాయ, చింతపండు పులుపు — ఏది ఎంతయో తల్లుల చేతికే తెలియును. వ్రాసియుంచని కొలత ఆ చేతితోనే పోవును.

విద్యార్థులారా! ఈ సెలవులలో వంటింట కూర్చుండి, తల్లి చెప్పినది ఉర్దూలోనో తెలుగులోనో వ్రాసికొనుడు; పిదప వండి చూడుడు. ఇది కుమార్తెలకు మాత్రమే చెప్పుట లేదు.