శరదృతువులో విహారానికి తగిన వేళ

ఆశ్వయుజ, కార్తిక మాసాలు రెండూ కలిసి శరదృతువు. వానలు వెనుకపట్టి ఆకాశం తేటపడుతుంది. ఏటి ఒడ్డున రెల్లు తెల్లగా పూస్తుంది. పిల్లలకు దసరా సెలవులు, పెద్దలకు వరుస పండుగలు. కుటుంబమంతా కలిసి ఎక్కడికైనా వెళ్లి రావాలని మనసు పుట్టే కాలం ఇది. ఆ కోరిక సహజమైనది, ఆరోగ్యకరమైనది కూడా. అయితే మధ్యతరగతి గృహాలు ఈనాడు ఆ కోరికను తీర్చుకుంటున్న పద్ధతి ఋతుధర్మానికి నేరుగా ఎదురు నడుస్తున్నదని, వైద్యవృత్తిలో ఉన్నవాడిగా నా అభిప్రాయం.

ఏటా దసరా సెలవులు ముగిసిన వారంలో నా వద్దకు వచ్చేవారిలో ఎక్కువమంది చెప్పే బాధలు ఒకే తీరుగా ఉంటాయి. గుండెల్లో మంట, పులితేపులు, నోటిపూత, ఒంటిపై దద్దుర్లు, కళ్లమంటలు, నీళ్ల విరేచనాలు. “ఏ ఊరు వెళ్లివచ్చారు?” అని అడుగుతాను. నాలుగు రోజుల్లో ఆరు ఊళ్లని చెబుతారు. రాత్రంతా బస్సు ప్రయాణం, ఉదయం లాడ్జి గదిలో నిద్ర, మిట్టమధ్యాహ్నం ఎండలో క్యూలో నిలబడడం, పొద్దు వాలాక ఆకలి మండి పూరీలు, బజ్జీలు, మసాలా కూరలు. మరునాడు మళ్లీ అదే వరుస.

వర్షాకాలంలో నీరు, ఆహారం పులుపెక్కే గుణం పొందడం వల్ల శరీరంలో పిత్తం కొద్దికొద్దిగా కూడుతుందని ఆయుర్వేదం చెబుతుంది. చల్లదనానికి అలవాటుపడిన దేహం మీద మబ్బు విడిచిన సూర్యుడి ఎండ ఒక్కసారిగా పడేసరికి, కూడిన పిత్తం ప్రకోపిస్తుంది. హేమంతం వచ్చాక గాని అది తనంతట తాను శమించదు. శరత్తు వైద్యులకు తల్లి వంటిదని పూర్వులు వేళాకోళంగా అన్నది ఇందుకే. రోగులను కని ఇచ్చేది ఈ ఋతువే కదా!

వాగ్భటుడు అష్టాంగహృదయంలో, సూత్రస్థానం మూడవ అధ్యాయంలో, శరత్తులో విడిచిపెట్టవలసిన వాటిని చెప్పాడు. మంచులో తిరగడం, క్షారాలు, కడుపునిండా తినడం, పెరుగు, నూనె, కొవ్వు, ఎండ, ఘాటైన మద్యం, పగటినిద్ర, తూర్పుగాలి. ఈ వరుసను ఒకసారి నిదానంగా చదవండి. మద్యం తీసివేస్తే (అందరూ తీసివేస్తారని చెప్పలేను) మన సెలవుల యాత్ర మొత్తం ఇందులో కనబడుతుంది. ఎండ, పగటినిద్ర, నూనె వంటకాలు, ఆకలి చచ్చాక అతిభోజనం, చివరికి దారిలో కొన్న పెరుగన్నం పొట్లంతో సహా.

ఆ అధ్యాయంలోనే చేయదగినవి కూడా ఉన్నాయి. రాత్రి తొలిభాగంలో గంధం, వట్టివేరు, కర్పూరం పూసుకుని, ముత్యాలు ధరించి, మేడ మీద వెన్నెలను అనుభవించమన్నాడు. ముత్యాల మాట మనం విడిచిపెట్టవచ్చు. డాబా, వెన్నెల ఉచితమే. ఆశ్వయుజ పౌర్ణమినాడు పెరటిలోనో డాబా మీదనో చాపవేసి, కుటుంబమంతా ఒకచోట కూర్చుని, తల్లి ముద్దలు కలిపి పెడుతుంటే పిల్లలు తినడం చాలా ఇళ్లలో నిన్నమొన్నటి వరకు ఉన్నది. టెలివిజన్ వచ్చి ఒకసారి, చేతి ఫోను వచ్చి రెండవసారి మనలను డాబా దింపాయి.

నేను ప్రయాణాలను నిషేధించడం లేదు. ఈ ఋతువులో మంచిదైన భాగం ఉదయం, సాయంకాలం, వెన్నెల. చెడ్డ భాగం మధ్యాహ్నం. విహారమంటూ చేస్తే మంచి భాగంలో చేయాలి, దగ్గరలో చేయాలి, ఇంటిల్లిపాదీ చేయాలి. ఒక్క పెద్ద యాత్రకు బదులు నాలుగు పూటలుగా చేయాలి. మన పెద్దలు ఏర్పరచిన కార్తిక వనభోజనం అచ్చంగా ఈ లెక్కకే సరిపోతుంది. పొద్దున్నే ఊరి పొలిమేర తోటకు చేరుకుంటారు, అక్కడే వండుకుంటారు, ఎండ ముదిరే వేళకు చెట్టు నీడన ఉంటారు, దీపాల వేళకు ఇల్లు చేరుకుంటారు. ఆ చెట్టు ఉసిరి కావడంలో కూడా ఔచిత్యం ఉన్నది. ఉసిరిక పుల్లనిదైనా పిత్తాన్ని పెంచదు, శమింపజేస్తుంది. ఉప్పు తప్ప మిగిలిన అయిదు రుచులూ దానిలో ఉన్నాయని శాస్త్రం చెబుతుంది. సి విటమిన్ సమృద్ధిగా గల పండ్లలో ఇది ఒకటని నేటి పరిశోధన కూడా అంగీకరించింది. కాయ పక్వానికి వచ్చేదీ ఈ కాలంలోనే.

తెలంగాణలో బతుకమ్మ పండుగ కూడా నా దృష్టిలో ఇటువంటి విహారమే. తంగేడు, గునుగు పూల కోసం పిల్లలు పెందలాడే చేల గట్లు, బీళ్లు తిరిగేవారు. తంగేడును మన వైద్యంలో ఆవర్తకి అంటారు. మధుమేహానికి దాని పూల కషాయం వాడుక ఉన్నది. ఇప్పుడు బీళ్లు ఇళ్లస్థలాలై, పట్టణాలలో పూలను కట్టలుగా బజారులో కొంటున్నారు. బతుకమ్మను పేర్చడం మిగిలింది గాని, పూల కోసం నడిచే నడక పోయింది. ఆరోగ్యం ఆ నడకలో కూడా ఉన్నది.

ఇంటిల్లిపాదీ అన్న మాట మీద మరికొంత చెప్పాలి. మొన్న కార్తికంలో డెబ్బయి నాలుగేళ్ల వృద్ధురాలు నిద్ర పట్టడం లేదని నా వద్దకు వచ్చారు. నాడి చూస్తుంటే ఆమే చెప్పారు: “మావాళ్లంతా పదిరోజులు ఊళ్లు తిరగడానికి వెళ్లారు బాబూ. ప్రయాణం నేను తట్టుకోలేనట. ఇంటికి కాపలా పెట్టారు.” ఆమె మాటలో కోపం లేదు. ఆమెకు నేను నిద్రమందు ఏదీ రాయలేదు. కొడుకును పిలిపించి, రెండు మైళ్ల దూరంలోని మామిడితోటకు ఒక ఆదివారం ఆమెను ఆటోలో తీసుకువెళ్లమన్నాను. వెళ్లారు. ఉసిరికాయ పచ్చడి తానే రోటిలో నూరానని తరువాత ఆమె చెప్పారు. నిద్ర పూర్తిగా కుదిరిందో లేదో చెప్పను గాని, మళ్లీ ఆ బాధతో మాత్రం రాలేదు. పెద్దవారు తట్టుకోలేనిది ఆరువందల కిలోమీటర్ల బస్సు ప్రయాణాన్ని. అరపూట తోటను తట్టుకోలేనివారు అరుదు.

ఇంటి ఇల్లాలి సంగతి మరొకటి. ఆమె తెల్లవారుజామున మూడు గంటలకు లేచి పదిరకాలు వండి డబ్బాలకు ఎత్తితే, మగవారు తోటలో పేకాడుకుని తిని వస్తే, అది ఒకరికి విహారం, మరొకరికి వెట్టిచాకిరీ. వనభోజనంలో వంట అక్కడే చేయాలన్న ఆచారం ఉన్నది అందరూ తలొక చేయి వేయడానికే. కట్టెలు, నీళ్లు, కూరలు తరగడం మగవారి పని కావాలి.

ఇటీవలి వనభోజనాలు కులసంఘాల సమావేశాలుగా మారడం నాకు బొత్తిగా నచ్చని విషయం. చెట్టు కింద మైకు, నాయకులకు శాలువలు, మూడు గంటలకు గాని వడ్డించని విందు. పక్కింటివారు ఒక తోటకు, మనం మరొక తోటకు వెళ్లడం ఏమి వనభోజనం? నలుగురూ కూర్చుని తినడానికి ఉసిరి చెట్టు ఎవరి కులమూ అడగలేదు.

ఆహారం విషయానికి వస్తే, తోటకు పులిహోర లేకుండా వెళ్లమనేంత కఠినుడిని కాను. చింతపండుకు బదులు ఉసిరి వేయండి. పావుకిలో బియ్యానికి ఆరేడు పెద్ద ఉసిరికాయలు తురిమి, నాలుగు చెంచాల నూనెలో ఆవాలు, పచ్చిమిర్చి, కరివేపాకు పోపువేసి, పసుపు, ఉప్పు చేర్చి తురుమును కొంచెం మగ్గనిచ్చి, చల్లారిన అన్నంలో కలపాలి. దానితోపాటు పెసరపప్పు, మిరియాలు, నెయ్యి వేసిన పులగం, పొట్లకాయ కూర చాలు. పెసలు, పొట్ల, ఉసిరి శాస్త్రకారుడు ఈ ఋతువుకు పేర్కొన్నవే. ముందురోజు రాత్రి రెండు చెంచాల ధనియాలు నలగగొట్టి గ్లాసెడు నీటిలో నానవేసి, ఉదయం వడకట్టి పటికబెల్లం కలిపి తాగితే ఎండ వల్ల కలిగే దాహం, మంట తగ్గుతాయి. మధుమేహం ఉన్నవారు పటికబెల్లం మానివేయాలి. కార్తికంలో చివరి ఎనిమిది రోజులు, మార్గశిరంలో మొదటి ఎనిమిది రోజులు యమదంష్ట్రలని, అప్పుడు మితంగా తిన్నవాడే బతుకుతాడని శార్ఙ్గధరుడు అన్నాడు. మన విందులు సరిగా ఆ చివరి ఆదివారానికే పెట్టుకోవడం విచిత్రం.

పగలు సూర్యకిరణాలతో వేడెక్కి, రాత్రి వెన్నెలకు చల్లబడి, అగస్త్య నక్షత్రోదయంతో నిర్విషమైన శరత్కాలపు నీటిని హంసోదకం అన్నారు. ఆనాటి ఏరు వేరు. నేటి చెరువు నీటిని ఏ నక్షత్రమూ శుద్ధి చేయలేదు. కాచి చల్లార్చిన నీటిని ఇంటి నుంచే తీసుకువెళ్లండి.

గడ్డి మీద, పొదల దగ్గర నేరుగా కూర్చోకుండా మందమైన జంపఖానా పరచుకోవాలి. వానలు తగ్గిన ఈ కాలంలోనే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కనబడుతున్నది. గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి పిల్లలు కుట్టడం వల్ల ఇది వస్తుంది. కుట్టిన 6 నుంచి 21 రోజుల లోపు తీవ్రజ్వరం, తలనొప్పి మొదలవుతాయి. కొందరికి చంకలోనో గజ్జలోనో సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పక్కు కడుతుంది. దీనికి ఇంటివైద్యం పనికిరాదని ఇంటివైద్యం గురించి రాసే నేనే చెబుతున్నాను. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, తోటకు వెళ్లివచ్చిన సంగతి వైద్యునికి చెప్పాలి. తొలిదశలో మామూలు యాంటీబయోటిక్‌తో తగ్గిపోయే ఈ జ్వరం ఆలస్యమైతే ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు ప్రమాదం తెస్తుంది.

నీటి విహారం గురించి కూడా ఒక మాట. 2017 నవంబరు 12న, కార్తికంలోనే, విజయవాడ సమీపాన కృష్ణానదిలో పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా మరణించారు. అందరికీ రక్షణ జాకెట్లు లేని పడవ ఎక్కవద్దు. తుపానులు కూడా ఈ ఋతువులోనివే. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ రెండూ శరత్తులో వచ్చినవే. సముద్రతీరానికి బయలుదేరే ముందు వాతావరణ సూచన వినండి.

దూరం వెళ్లి తీరాలనుకునేవారు ఒక్క ఊరే ఎంచుకుని అక్కడే నిలవండి. కార్తికంలో అరకులోయ వలిసె పూలతో పసుపు పరచినట్లు ఉంటుంది. విశాఖ నుంచి అక్కడికి పగటి రైలు ఉన్నది. అనంతగిరి సొరంగాలు దాటుతుంటే పిల్లలకు ఆ ప్రయాణమే వినోదం. హైదరాబాదు వారికి వికారాబాదు అనంతగిరి కొండలు ఉదయం వెళ్లి సాయంత్రం రాదగిన దూరంలోనే ఉన్నాయి. మూసీ పుట్టిన చోటు అదేనని పిల్లలకు చూపించవచ్చు.

ఏ ఊరూ వెళ్లలేనివారికి డాబా ఉండనే ఉన్నది. తెల్లవారడానికి గంట ముందు పిల్లలను లేపి, మంచు తగలకుండా తలకు తువ్వాలు చుట్టి, దక్షిణ దిక్కున కిందుగా వెలిగే ఒంటరి చుక్కను చూపండి. అదే అగస్త్యుడు. ఆకాశంలో సిరియస్ తరువాత అంతటి కాంతి గల నక్షత్రం మరొకటి లేదు. ఆ రోజు మబ్బు పట్టి కనబడకపోతే, మరునాడు లేపమని వాళ్లే అడుగుతారు.