పిల్లలకి పాత క్లారినెట్ ఇవ్వచ్చా?

అమెరికాలో పిల్లలు ఐదో తరగతికో ఆరో తరగతికో వచ్చేసరికి స్కూల్ బ్యాండ్ మొదలవుతుంది. క్లారినెట్ తీసుకుంటామంటే మనకి ఏ.కె.సి. నటరాజన్ గారి కచేరీయో, ఊళ్ళో పెళ్ళి బ్యాండో గుర్తొచ్చి సంబరపడతాం. ధర చూశాక మాత్రం గుండె గుభేలుమంటుంది. సరిగ్గా అప్పుడే ఏ గరాజ్ సేల్లోనో ఎవరి తాతగారిదో నల్లచెక్క క్లారినెట్ చవగ్గా కనిపిస్తుంది. "పాతకాలం సరుకు, గట్టిది, తీసేసుకో" అంటారు ఇంట్లోవాళ్ళు. నేర్చుకునే పిల్లకి అది వద్దని నా అభిప్రాయం.

మొదటి చిక్కు శ్రుతి. ఇప్పటి బ్యాండ్లు 'ఎ' స్వరాన్ని 440 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటాయి. వందేళ్ళ కిందటి క్లారినెట్లలో కొన్ని 'హై పిచ్'వి, అంటే 452 - 457 దగ్గర పలికేవి. గొట్టం అతుకు కాస్త బయటికి లాగితే శ్రుతి దిగుతుంది. కానీ రంధ్రాలన్నీ పొట్టి గొట్టానికి సరిపడా వేసినవి కాబట్టి ఒక స్వరం కుదిరితే ఇంకోటి కుదరదు. మన కచేరీలో అయితే వాయించేవారిని బట్టి తంబూరా శ్రుతి పెట్టుకుంటాం. నలభైమంది పిల్లల బ్యాండ్‌లో అది కుదరదు కదా!

రెండోది మీటలు. బాగా పాతవాటిలో ఆల్బర్ట్ పద్ధతి మీటలుంటాయి. స్కూల్లో నేర్పేది బోమ్ పద్ధతి, వేళ్ళు పెట్టే తీరే వేరు. పైగా ప్యాడ్లు ఎండిపోయి గాలి కారుతుంటే కింది స్వరాలు పలకవు. పిల్ల బుగ్గలు నొప్పెట్టేలా ఊదుతుంది, కీచుమంటుంది. లోపం వాయిద్యంలో ఉందని దానికేం తెలుసు? "నాకు సంగీతం రాదమ్మా" అని పక్కన పెట్టేస్తుంది. మనం మిగుల్చుకున్న డాలర్లకి అది చాలా పెద్ద ఖరీదు.

కొత్త ప్లాస్టిక్ క్లారినెట్‌లో చెక్కదానికుండే నిండుతనం ఉండకపోవచ్చు. కానీ చలికీ వేడికీ పగలదు, స్కూల్ బస్సులో కుదుపులకి ఓర్చుకుంటుంది, శ్రుతిలో నిలబెట్టుకోవడం తేలిక. కొనలేకపోతే నెలకింతని అద్దెకిస్తారు.

పాతవన్నీ పనికిరావని కాదు. 1950ల తర్వాత వచ్చిన మంచి ఫ్రెంచ్ క్లారినెట్లని పెద్ద విద్వాంసులు ఇప్పటికీ వాయిస్తున్నారు. అలాంటిది దొరికితే డబ్బివ్వకముందే టీచర్ చేత ఊదించండి. ట్యూనర్ పెట్టి కింది, మధ్య, పై స్వరాలు మూడూ చూడమనండి. ప్యాడ్లు మార్చడానికెంతవుతుందో అడిగి, ఆ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. అప్పటికీ లాభమనిపిస్తే నిశ్చింతగా కొనండి.