టవర్ లేకున్నా మెసేజ్ వెళ్తుంది.. కానీ ఎంత దూరం? ఎంత భద్రం?

2025 సెప్టెంబర్‌లో నేపాల్ ప్రభుత్వం ఫేస్‌బుక్, యూట్యూబ్ సహా 26 సోషల్ మీడియా వేదికలను ఆపేసింది. యువత వీధుల్లోకి వచ్చింది. ఆ రోజుల్లోనే అక్కడ ‘బిట్‌చాట్’ డౌన్‌లోడ్లు ఒక్కసారిగా పెరిగాయి. ట్విట్టర్ సహ వ్యవస్థాపకుడు జాక్ డోర్సీ అదే ఏడాది జులైలో తెచ్చిన యాప్ ఇది. దీనికి సిమ్ అక్కర్లేదు, నెట్ లేకున్నా బ్లూటూత్‌తో పనిచేస్తుంది. ఇక నెట్ ఆపినా భయం లేదని అనిపించడం సహజమే. అయితే పరిశోధనలు చెబుతున్నది అంత సులువైన మాట కాదు.

మధ్యలో టవర్ లేకుండా ఫోన్లే ఒకదానికొకటి సందేశం అందించుకునే పద్ధతిని ‘వైర్‌లెస్ యాడ్ హాక్ నెట్‌వర్క్’ అంటారు. 1970లలోనే అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ‘ప్యాకెట్ రేడియో’ పేరుతో దీని మీద పనిచేసింది. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గర ఖర్జూరాల పళ్లెం చేతులు మారుతూ చివరి వ్యక్తిదాకా చేరినట్టే ఇది కూడా.

మొదటి చిక్కు అక్కడే ఉంది. జనం పెరిగేకొద్దీ పక్కవాళ్ల పళ్లాలు అందించడానికే చేతులు సరిపోతాయి, సొంతానికి తీరిక ఉండదు. పీయూష్ గుప్తా, పి.ఆర్. కుమార్ 2000లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధన ఇదే లెక్క తేల్చింది. దాని ప్రకారం ఫోన్లు 100 రెట్లు పెరిగితే ఒక్కో ఫోన్‌కు దక్కే సామర్థ్యం సుమారు పదో వంతుకు, ఇంకా కిందికి పడిపోతుంది. పొట్టి మెసేజ్‌లు వెళ్తాయేమో గానీ వీడియో కాల్స్ ఆశించలేం.

రెండోది దూరం. బిట్‌చాట్‌లో మెసేజ్ గరిష్ఠంగా ఏడు అంచెలు దాటుతుంది. ఒక్కో అంచె 30 మీటర్లు అనుకుంటే మొత్తం 210 మీటర్లు. అంటే ఒక బస్తీలో కొన్ని గల్లీలు. 2019 ఆగస్టు 5న కశ్మీర్‌లో నెట్ ఆగితే 4జీ పూర్తిగా తిరిగొచ్చేసరికి 2021 ఫిబ్రవరి అయింది. ఆ ఏడాదిన్నరలో ఢిల్లీలో చదువుకునే కొడుకు క్షేమం శ్రీనగర్‌లోని అమ్మీకి తెలియాలంటే బ్లూటూత్ ఏం చేయగలదు?

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ‘బ్రిడ్జిఫై’ యాప్‌ను హాంకాంగ్ నిరసనల్లోనూ, మన దేశంలో సీఏఏ నిరసనల రోజుల్లోనూ వాడారు. 2020లో లండన్ రాయల్ హాలోవే పరిశోధకులు దాన్ని పరీక్షించారు. అందులో మెసేజ్‌లు చదవొచ్చని, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో కనిపెట్టొచ్చని, ఒక్క చెడ్డ మెసేజ్‌తో నెట్‌వర్క్ మొత్తాన్ని కూల్చొచ్చని తేల్చారు. కంపెనీ మార్పులు చేశాక కూడా 2022లో మళ్లీ లోపాలు బయటపడ్డాయి. బిట్‌చాట్‌లోనూ విడుదలైన కొద్దిరోజులకే లోపాలు తేలాయి. బయటి నిపుణుల భద్రతా పరీక్ష జరగలేదని డోర్సీనే హెచ్చరిక పెట్టాల్సి వచ్చింది.

చట్టం సంగతి కూడా మరవొద్దు. ఇలాంటిదే అయిన ‘బ్రయర్’ సహా 14 యాప్‌లను 2023 మేలో కేంద్రం నిషేధించింది. జమ్మూ కశ్మీర్‌లో మిలిటెంట్లు వాడుతున్నారన్నది చెప్పిన కారణం. ఎవరో పంపిన ఫైల్ దొరికింది కదా అని పిల్లలు ఫోన్‌లో ఎక్కించుకుంటే కొత్త తలనొప్పి తెచ్చుకున్నట్టే.

అలాగని ఈ టెక్నాలజీ పనికిరానిది కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటుతోపాటు ఫోన్లూ మూగబోయాయి. అలాంటి వేళ “మేం బాగున్నాం, నీళ్లు కావాలి” అనే కబురు పక్క వీధికి చేరినా మేలే. అందులో దాచాల్సిన రహస్యం కూడా లేదు. ప్రాణాపాయం తెచ్చే మాటలు, పేర్లు, చిరునామాలు మాత్రం వీటి మీద నమ్మకంతో పంపకూడదు.

ఇక నెట్ బంద్‌కు జవాబు యాప్‌లో దొరకదు. ఆంక్షల ఉత్తర్వులు బహిరంగంగా ప్రచురించాలని, గడువు లేకుండా నెట్ ఆపడం కుదరదని 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నెట్ ఆగిన ప్రతిసారీ ఉత్తర్వు ఎక్కడ, గడువు ఎంత అని అధికారులను అడగాల్సింది పౌరులే.