కారెక్కితే తగ్గే తూలు
అమెరికాలోని ఇర్వింగ్‌లో పిల్లల దగ్గరికొచ్చిన అమ్మల నోట తరచూ వినే మాట: "కూర్చున్నా పడవలో ఉన్నట్టే ఊగుతోంది నాన్నా, కారెక్కితే మాత్రం హాయిగా ఉంటుంది." స్కాన్‌లో ఏమీ లేదనగానే బీపీ అంటారు, గ్యాస్ అంటారు, మెడ నరాలంటారు; చివరికి షికారు మీద మోజని కూడా అనేస్తారు. నన్ను బాధపెట్టేది ఆ చివరి మాటే. ఎందుకంటే, నా దృష్టిలో కారులో తగ్గడమే అసలు ఆధారం. లోపలి చెవిలో స్ఫటికాలు జారితే పక్క మీద ఒరిగినప్పుడు కళ్లు గిర్రున తిరిగి, నిమిషంలోపే సర్దుకుంటాయి. ఇది అలాంటిది కాదు. గంటల కొద్దీ సాగిన ప్రయాణంలో కదలికకు అలవాటుపడిన మెదడు, దిగాక కూడా ఆ అలవాటు వదలదు. దీన్నే మాల్ డి డెబార్క్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. దిగిన 48 గంటల్లోపు మొదలై నెలల తరబడి ఉండొచ్చు, నడివయసు ఆడవాళ్లలో ఎక్కువ. నిలబడితే, జనం మధ్య నడిస్తే పెరుగుతూ మూడు నెలలకు పైగా వేధించే తూలు వేరు. పీపీపీడీ అనే ఆ జబ్బుకు, తల తిరుగుడు జబ్బుల నిపుణుల సంఘమైన బారానీ సొసైటీ 2017లో నిర్ధారణ ప్రమాణాలు ఇచ్చింది. తలనొప్పి లేని మైగ్రేన్ కూడా ఇలా తల తిప్పగలదు. అందుకే డాక్టరు దగ్గరికి రిపోర్టులతో పాటు ఈ రెండూ రాసుకుని వెళ్లండి: ఎప్పుడు మొదలైంది, కారు కదిలితే తగ్గుతోందా. మాట తడబడినా, ఒక పక్క చచ్చుబడినా మాత్రం ఆగకుండా 911కు ఫోన్ చేయండి.