ఆవిరి కానంత మాత్రాన హరితమా?

సోదర విద్యార్థులు కోపగించుకోరనే ధీమాతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మన ఎం.ఎస్సీ. ప్రాజెక్టు రికార్డుల అట్టల మీద ఈమధ్య 'హరిత ఉత్ప్రేరకం' అనే మాట తెగ కనబడుతోంది, ముఖ్యంగా అయానిక ద్రవాలతో గ్లిసరాల్‌ను మార్చే ప్రయోగాల మీద. ప్రయోగాలు మంచివే. నా పేచీ ఆ విశేషణంతో.

నూనెను మిథనాల్‌తో బయోడీజిల్‌గా మారిస్తే వంద కిలోల నూనెకు సుమారు 10 కిలోల గ్లిసరాల్ దిగుతుంది. సబ్బులకూ మందులకూ పోగా మిగిలినదాన్ని ఏం చెయ్యాలి? ఎసిటోన్‌తో కలిపితే సాల్కెటాల్, ఎసిటిక్ ఆమ్లంతో ట్రైఎసిటిన్ వస్తాయి. రెండింటికీ సల్ఫ్యూరిక్ ఆమ్లం సరిపోతుంది గాని, అది పాత్రల్ని తినేస్తుంది. చివర క్షారంతో దాన్ని చంపితే ఆ లవణం మురుగులోకే.

అందుకని అయానిక ద్రవాలు వచ్చాయి. నిండా అయాన్లే, అయినా వంద డిగ్రీల లోపే ద్రవం. 1914లో పాల్ వాల్డెన్ వర్ణించిన ఇథైల్ అమ్మోనియం నైట్రేటు 12 డిగ్రీలకే కరుగుతుంది. వీటికి సల్ఫోనిక్ ఆమ్ల సమూహాన్ని తగిలిస్తే ఆమ్లం చేసే పని చేస్తాయి, దాదాపు ఆవిరి కావు. ఈ చివరి గుణం చూసే బిరుదు ఇచ్చేశారు!

సరే, గాల్లోకి పోదు. సింకులో పోస్తేనో? పొడవాటి ఆల్కైల్ తోక ఉన్న ఇమిడజోలియం లవణాలు నీటి జీవాలకు విషమని తేలింది. హెక్సాఫ్లోరోఫాస్ఫేటు రకం నీటితో విడిపోయి, గాజును సైతం తినే హైడ్రోజన్ ఫ్లోరైడును పుట్టిస్తుందని 2003లోనే ప్రచురించారు. అనాస్టస్, వార్నర్‌లు 1998లో చెప్పిన 12 సూత్రాల్లో విషగుణం ప్రస్తావన ఉంది, వాడాక ప్రకృతిలో కలిసిపోవాలన్నదీ ఉంది. వాటిని చదివేదెవరు?

మరో సంగతి. లేబొరేటరీలో వాడేది సీసాలో కొన్న శుద్ధమైన గ్లిసరాల్. బయోడీజిల్ పీపా అడుగున దిగేది గోధుమరంగు పాకం. నీరు, మిథనాల్, సబ్బు, క్షారం అన్నీ అందులోనే. ఆ క్షారం మన ఆమ్ల ఉత్ప్రేరకాన్ని మొదటి దఫాలోనే మింగేస్తుంది. శుద్ధి చేసి వాడదామంటే ఆ ఖర్చు ఏ పద్దులో రాయాలి?

కోళ్ల దాణాలో కలిపే కోలిన్ నుంచి కూడా అయానిక ద్రవాలు చేస్తారు. క్షారగుణం ఉన్నవాటితో, డైమిథైల్ కార్బొనేటు కలిపి గ్లిసరాల్ కార్బొనేటు తయారుచేయవచ్చు. అక్కడ పాకంలోని క్షారం మనకు శత్రువు కాదు. అటు వెళ్లకూడదా?

మాస్టార్లకు ఒక మనవి. వచ్చే ఏడు ఒక్క బ్యాచికైనా హాస్టల్ మెస్సులో కాగి మిగిలిన నూనె ఇచ్చి, దాన్నుంచి దిగిన ముడి గ్లిసరాల్ మీదే పని చేయించండి. ఒకే ఉత్ప్రేరకాన్ని ఎన్నిసార్లు వాడారో, ప్రతిసారీ ఎంత పోయిందో పట్టిక అడగండి. దిగుబడి తగ్గుతుంది, తగ్గనివ్వండి. మార్కులు మాత్రం కోయకండి.