దిండు కింద బిస్కెట్లు

దుప్పటి మార్చడానికి వెళ్ళిన రోజున అబ్బాజాన్ మంచం కోడు వెంట చీమల బారు ఒకటి పైకి పాకుతూ కనిపించింది. దాని వెంటే చూపు సాగించి దిండు ఎత్తితే, కాగితంలో చుట్టిన ఆరు ఉస్మానియా బిస్కెట్లు బయటపడ్డాయి. పన్నెండేళ్ళుగా మధుమేహంతో ఉన్న మనిషి ఆయన. చాయ్‌లో చక్కెర మాన్పించాము. పండుగనాడు షీర్ ఖుర్మా సైతం రెండు చెంచాలు మించకుండా కాపలా కాశాము. అందుకే ఆ పొట్లం చూడగానే మాకు కోపం వచ్చింది. ఈ వయస్సులో ఇదేమి చాపల్యమని అడగబోయాము.

ఆయన తలవంచుకొని ఇచ్చిన సమాధానం మా నోరు కట్టివేసింది. "రాత్రి రెండింటికి మెలకువ వస్తున్నదమ్మా. ఒళ్ళంతా చెమట, చేతుల్లో వణుకు, కడుపులో ఒకటే ఆకలి. వంటింట్లో గిన్నెలు కదిలిస్తే మీరంతా లేస్తారు కదా అని..."

ఆ చెమట, వణుకు సంగతి డాక్టరు గారికి చెప్పాము. మెలకువ వచ్చినప్పుడల్లా గ్లూకోమీటరుతో పరీక్షించి, అంకె రాసి పెట్టమన్నారు. రెండవ రాత్రి వచ్చిన అంకె 62. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే అది ప్రమాద సూచన. ఆలోచిస్తే కారణం మా కళ్ళెదుటే ఉన్నది. కొద్ది నెలలుగా అబ్బాజాన్ మగ్‌రిబ్ కాగానే భోజనం ముగిస్తున్నారు, అన్నం కూడా సగానికి తగ్గించారు. మాత్ర మోతాదు మాత్రం పాతదే. డాక్టరు గారు దానిని సవరించారు. మేము చాపల్యమనుకున్నది ఆయన శరీరం పెట్టుకున్న మొర!

రాత్రి తిండిని ఎవరూ దాచుకొని తినవలసిన పరిస్థితి ఇంట్లో ఉండరాదని ఆనాడే నిర్ణయించుకున్నాము. ఆకలి వేసే వారి పడకగదిలో తగిన ఆహారాన్ని, తగినంత కొలతలో, అందరికీ తెలిసేలా ఇంటివారే ఉంచాలి. పెద్దలకే కాదు, బిడ్డకు పాలిచ్చే తల్లికి, పరీక్షలకు చదివే పిల్లలకు, పొద్దుపోయి డ్యూటీ నుండి వచ్చేవారికి కూడా ఇది అవసరమే.

ముందుగా, అది ఆకలా, దాహమా అన్నది తేల్చుకోవాలి. చెమట, వణుకు లేనప్పుడు ఒక గ్లాసు నీళ్ళు త్రాగి పది నిమిషాలు ఆగి చూడవచ్చు. ఆకలి ప్రతి రాత్రీ లేపుతూ ఉంటే రాత్రి భోజనాన్నే సరిచూసుకోవాలి. పళ్ళెం నిండా తెల్ల అన్నం, పక్కన ఇంత చారు ఉంటే ఆ భోజనం ఎక్కువ సేపు నిలవదు. అన్నం కొంత తగ్గించి పప్పు, గ్రుడ్డు, కూరగాయలు పెంచితే ఆకలి త్వరగా పలకరించదు.

ఇక డబ్బాలో ఏమి ఉంచాలి? మా మొదటి ఎంపిక ఉప్పు లేని వేయించిన శనగలు. ఒక చిన్న గుప్పెడు, అంటే 30 గ్రాముల శనగల్లో సుమారు 110 కేలరీలు, ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. పీచు కూడా ఉండటంతో కొద్దిగా తిన్నా కడుపు నెమ్మదిస్తుంది. దంతాలు లేని పెద్దలకు పుట్నాల పప్పు మేలు. నెయ్యి లేకుండా వేయించిన మఖానా 20 గ్రాములకు దాదాపు 70 కేలరీలే. మరమరాలు, కొన్ని జిల్లాల్లో బొరుగులంటారు, అవీ తేలికైనవే. అయితే అవి రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతాయి గనుక మధుమేహం ఉన్నవారు వాటిని ఒంటిగా తినకుండా శనగలతో కొద్దిగా కలుపుకోవాలి. బాదం గింజలు ఆరోగ్యకరమైనవే గాని తక్కువ కేలరీలవి కావు. పది గింజలకే 70 కేలరీలు అవుతాయి. కాబట్టి లెక్కపెట్టి ఉంచాలి. పండ్లలో జామకాయ శ్రేష్ఠం. వంద గ్రాముల జామలో 70 కేలరీలకు మించవు.

వీటి పక్కన బిస్కెట్లను పెట్టి చూడండి. యాభై గ్రాముల బిస్కెట్లలోనే 230 కేలరీల వరకు ఉంటాయి. నూనెలో వేగిన మిక్చర్‌లో అంతకంటే ఎక్కువే. సరిపడా తిని ఆపమన్న దైవప్రవక్త (స) బోధ మనకు తెలియనిది కాదు. కాని నిద్రమత్తులో, చీకట్లో, పెద్ద డబ్బాలోకి వెళ్ళిన చేతికి కొలత తెలియదు. అందుకే ఒక రాత్రికి సరిపడే పాలు మాత్రమే చిన్న డబ్బాలో వేసి మంచం పక్కన ఉంచడం మంచిది. మూత బిగుతుగా ఉంటే చీమలు చేరవు, వానాకాలంలో మరమరాలు మెత్తబడవు. కోసిన పండ్లు, పాలు గదిలో రాత్రంతా ఉంచరాదు. పండు ఉంచితే కోయకుండా, కడిగి ఉంచాలి.

తినేటప్పుడు లేచి కూర్చొని తినాలి. తిన్న వెంటనే పడుకుంటే పుల్లటి త్రేన్పులు, గుండెలో మంట రావచ్చు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది గనుక నోరు బాగా పుక్కిలించకపోతే దంతాలు చెడిపోతాయి. అయిదేళ్ళ లోపు పిల్లలు పడుకునే గదిలో శనగలు, బాదం గింజలు వారికి అందకుండా ఉంచాలి. అవి గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఏ పండు, ఏ గింజ తినవచ్చో డాక్టరును అడగాలి.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉన్నది. ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మధుమేహ మాత్రలు గాని వాడేవారికి రాత్రివేళ చెమట, వణుకు, తికమక కలిగితే శనగలు పనికిరావు. చక్కెర పడిపోయినప్పుడు నెమ్మదిగా అరిగే ఆహారం ఆదుకోలేదు. అప్పుడు మూడు టీస్పూన్ల చక్కెర లేక గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి వెంటనే త్రాగించాలి. పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించి, ఇంకా 70 కంటే తక్కువగా ఉంటే మరోసారి ఇవ్వాలి. తేరుకున్నాకనే శనగలో, మరేదో కొద్దిగా తినిపించాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయరాదు. తక్షణమే 108కు ఫోన్ చేయాలి. ఉపవాసం ఉండదలచిన మధుమేహ రోగులు మందుల వేళలు, మోతాదుల గురించి రమజాన్‌కు ముందుగానే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఇప్పుడు అబ్బాజాన్ తలాపున రెండు డబ్బాలు ఉన్నాయి. ఒకదానిలో శనగలు, మఖానా. ఎర్ర మూత ఉన్న రెండవ దానిలో గ్లూకోజు పొడి, పక్కనే నీళ్ళ సీసా, చెంచా. ఇషా తర్వాత మొదటి డబ్బా నింపే పని మా చిన్నబ్బాయిది. ఫజ్ర్‌కు లేచినప్పుడు మేము రెండు మూతలూ తీసి చూస్తాము. శనగలు అయిపోయి ఉంటే "రాత్రి ఆకలి వేసిందా?" అని అడుగుతాము. ఎర్ర మూత డబ్బా కదిలి ఉంటే ఆ రోజే డాక్టరు గారికి ఫోన్ చేస్తాము. వంటింట్లో గిన్నెలు చప్పుడైనా ఫరవాలేదు, మమ్మల్ని లేపమని కూడా ఆయనకు చెప్పాము. మొన్న ఒక రాత్రి లేపారు. ఆకలి వేసి కాదు, మంచినీళ్ళ సీసా మూత రాలేదట!